అరవం వచ్చినోళ్లకి ఇంగ్లీషు ఎందుకు రాలే?

నాయుడుపేట చుట్టుపక్కల డిగ్రీ, పీజీ చదివే పిల్లోళ్లని "ఇంగ్లీషు ఎందుకు నేర్చుకుంటా ఉండారు?" అని నేను అడిగితే, ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: "ఉజ్జోగానికన్నా!" దాంట్లో తప్పేం లేదు. ఊరి పక్కనే సెజ్ ఉండాది. తడ కాడ శ్రీసిటీ ఉండాది, దాంట్లో ఇసుజు, డైకిన్ లాంటి జపాన్ కంపెనీలు ఉండాయి. ఇంటర్వ్యూలో నోరు తెరవాల్సిందే.

భాష ఎందుకు నేర్చుకుంటారనే దాని మీద కెనడా సైకాలజిస్టులు గార్డ్‌నర్, లాంబర్ట్ 1959లోనే రాసినారు. వాళ్లు చెప్పింది రెండు కారణాలు. ఒకటి, పనికొస్తాదని. రెండోది, ఆ భాష మాట్లాడే మనుషుల్లో కలవాలని. మాంట్రియల్‌లో ఫ్రెంచి నేర్చుకునే పిల్లోళ్లలో రెండో రకమే ముందున్నారు. అయితే 1972లో యాస్మీన్ లుక్మానీ బొంబాయిలో మరాఠీ ఆడపిల్లల్ని పరిశీలిస్తే, పనికోసం నేర్చుకునేవాళ్లకే ఇంగ్లీషు బాగా వచ్చిందని తేలింది. అంటే ఉజ్జోగం కోసమనేది తక్కువ కారణమేం కాదు.

మరి మనకాడ ఎందుకు ఆగిపోతా ఉండాది?

మన అరవాన్నే చూడండి. నాయుడుపేట, సూళ్లూరుపేట వాళ్లు మదరాసుకి ఆస్పత్రికో, సరుక్కో, పనికో పోతా ఉంటారు. నాలుగుసార్లు పోయొస్తే బేరమాడే అరవం వచ్చేస్తాది. గ్రామర్ బుక్కు లేదు, సర్టిఫికెట్ లేదు. తప్పు మాట్లాడినా ఎవురూ నవ్వరు. అవసరం ఆ పొద్దే ఉంటాది, ఫలితం కూడా ఆ పొద్దే కనపడతాది.

ఇంగ్లీషుకి ఈ రెండూ లేవు. అవసరం యాడో మూడేళ్ల తర్వాత ఉండాది. నవ్వేవాళ్లు మాత్రం పక్క బెంచీలోనే ఉండారు. అందుకే నేర్చుకోవాలనే ఆశ కంటే నామోషీ పెద్దదైపోతాది. డోర్నెయ్ అనే పండితుడు 2005లో దీన్ని ఇంకోరకంగా చెప్పినాడు: "నేను ఇట్లా కావాల" అని మనిషి తనను తాను ఊహించుకోవడం వేరు, "ఇట్లా కాకపోతే నలుగురూ ఏమనుకుంటారో" అనే భయం వేరు. భయం పరీక్ష దాకా తోస్తాది. పరీక్ష అయిపోయినాక అదీ ఉండదు.

2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ మొత్తం ఇంగ్లీషు మీడియం చేసినారు. తెలుగు మీడియంలో చదివొచ్చిన పల్లె బిడ్డకి ఇది ఉత్త భాష సమస్య కాదు. అర్థం కాలేదని క్లాసులో అడగలేక, ఇంటర్వ్యూకి పేరే ఇయ్యకుండా ఆగిపోయే సమస్య. తెలివి లేక కాదు, నోరు పెగలక.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, "ఇంగ్లీషు రావాల" అని మొత్తంగా అనుకోబాకండి. ఈ నెలలో ఇంగ్లీషుతో ఏ పని చేసుకోవాలో ఒకటి పెట్టుకోండి: మెషీన్ మాన్యువల్ ఒక పేజీ చదవడం, ఆఫీసుకి ఒక మెయిల్ రాయడం, రెండు నిమిషాలు మన ఊరి గురించి చెప్పడం. నలుగురు కూడండి, ఎవురు తప్పు మాట్లాడినా నవ్వకూడదని ముందే మాట అనుకోండి. మదరాసు సంతలో అరవం నేర్పింది ఆ పద్ధతే.