బై-వీక్లీ అంటే వారానికి రెండుసార్లా, రెండు వారాలకోసారా?

ఆళ్లగడ్డలో రైల్వే స్టేషన్ లేదు. రైలెక్కాలంటే బస్సులో సుమారు 40 కిలోమీటర్లు ప్రయాణించి నంద్యాల రావాలి. చేతిలో సామాన్లు, వెంట పిల్లలు, కాళ్ల నొప్పులతో నానీమా. అలాంటప్పుడు టైమ్ టేబుల్లో రైలు పేరు పక్కన ‘బై-వీక్లీ’ అని కనిపిస్తే ఏమని అర్థం చేసుకోవాలి? ఆ రైలు వారంలో రెండు రోజులు నడుస్తుందా, లేక రెండు వారాలకోసారి వస్తుందా? ఇంట్లో ఇంగ్లీష్ మీడియం చదివిన పిల్లలను అడిగి చూడండి. ఒకరు ఒకటి చెబితే, ఇంకొకరు రెండోది చెబుతారు. చిత్రమేమిటంటే ఇద్దరిదీ తప్పు కాదు. పెద్ద ఇంగ్లీష్ డిక్షనరీలు ఈ మాటకు రెండు అర్థాలూ ఇస్తాయి.

తిరకాసంతా ముందున్న ‘బై’తోనే. లాటిన్ నుంచి వచ్చిన ఈ ముక్కకు అర్థం ‘రెండు’ అని మాత్రమే. రెండుసార్లా, రెండు వారాలా అన్నది అది చెప్పదు. కాబట్టి ఆ మాట ఎవరు వాడారో చూసి అర్థం తేల్చుకోవాలి.

మన రైల్వేల లెక్కలో బై-వీక్లీ అంటే వారానికి రెండు రోజులు, ట్రై-వీక్లీ అంటే వారానికి మూడు రోజులు. నంద్యాల మీదుగా మచిలీపట్నం, యశ్వంత్‌పూర్ మధ్య నడిచే కొండవీడు ఎక్స్‌ప్రెస్‌ను ట్రై-వీక్లీ అని రాస్తూ వచ్చింది అందుకే. మూడు వారాలకోసారి వచ్చే రైలని ఎవరైనా అనుకుంటే ప్రయాణమే మానుకుంటారు! సోమవారం, గురువారం నఫిల్ రోజాలు ఉండేవాళ్లకు ఈ లెక్క సులువుగా గుర్తుంటుంది. రైల్వే భాషలో చెప్పాలంటే అవి బై-వీక్లీ రోజాలు.

ఇక రిజర్వు బ్యాంకు దగ్గరికి వస్తే ఇదే ‘బై’ తిరగబడుతుంది. రెపో రేటు ప్రకటించే ద్రవ్య విధానాన్ని ఆ బ్యాంకు ‘బై-మంత్లీ’ అంటుంది. అక్కడ దానర్థం నెలకు రెండుసార్లు కాదు, రెండు నెలలకోసారి. అంటే ఏడాదికి ఆరుసార్లు. ఇంటి లోను ఉన్న కుటుంబం దీన్ని పొరపాటుగా అర్థం చేసుకుంటే, పదిహేను రోజులకోసారి ఈఎంఐ మారుతుందేమోనని అనవసరంగా కంగారు పడుతుంది.

ఈ విషయంలో మన రెండు భాషలూ ఇంగ్లీష్ కంటే చాలా నయం. ఉర్దూలో ‘దో మాహీ’ పత్రిక అంటే రెండు నెలలకోసారి వచ్చేదే, ఇంకో అర్థం లేదు. ‘పంద్రా రోజా’ అంటే పదిహేను రోజులకోసారి. తెలుగులో ద్వైమాసిక, పక్షపత్రిక అన్నా అంతే స్పష్టం. కాబట్టి ఇంగ్లీష్ కాగితంలో ‘బై’ ఎదురైనప్పుడు, దాన్ని మనసులో ఉర్దూలోకో తెలుగులోకో మార్చి చూడండి. మార్చలేకపోతే ఆ కాగితంలో సంగతి సరిగ్గా రాయలేదనే అర్థం.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే జంట ఇంకొకటి ఉంది. బైయాన్యువల్, బయెన్నియల్. వినడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ అర్థాలు వేరు. మొదటిది ఏడాదికి రెండుసార్లు. రెండోది రెండేళ్లకోసారి. బైయాన్యువల్‌లో ‘యాన్యువల్’ అనే మాట చెక్కు చెదరకుండా కనిపిస్తుంది, అది ఆనవాలు. రెండో దాన్లో ఆ మాట విరిగి ‘ఎన్నియల్’ అయిపోయింది.

గల్ఫ్ ఉద్యోగ కాంట్రాక్టుల్లో సెలవు, విమాన టికెట్ రెండేళ్లకోసారి ఇవ్వడం మామూలే. ఆ చోట ‘బయెన్నియల్ లీవ్’ అని రాసి ఉంటే, దాన్ని ఏడాదికి రెండుసార్లని చదువుకున్న కుర్రాడు ఇంట్లో ఆరు నెలల్లో వస్తానని చెప్పి వెళ్తాడు. చెల్లెలి నికాహ్ తేదీ కూడా ఆ ధీమాతోనే పెట్టేస్తారు. తీరా అక్కడికెళ్లాక తెలుస్తుంది, రెండేళ్లు నిండాలని. సంతకం పెట్టాక ఎంత వాదించినా లాభం ఉండదు. కాబట్టి సంతకానికి ముందే ఏజెంటును ఒక్క మాట అడగాలి, మొదటి టికెట్ ఏ నెలలో, ఏ సంవత్సరంలో అని. జవాబు కాగితం మీదే రాయించుకోవాలి.

బయెన్నియల్ అనే మాట వార్తల్లోనూ వినిపిస్తుంటుంది. రాజ్యసభలోనూ, శాసన మండలిలోనూ సభ్యుల పదవీకాలం ఆరేళ్లు. రెండేళ్లకోసారి మూడో వంతు మంది దిగిపోతారు, ఆ సీట్లకు జరిగేవే బయెన్నియల్ ఎన్నికలు. నంద్యాలకు చెందిన ఎన్.ఎం.డి. ఫరూక్ 2017లో ఛైర్మన్ అయింది ఆ శాసన మండలికే.

బైయాన్యువల్‌కు మన ఇళ్లలోనే ఉదాహరణ ఉంది. హిజ్రీ సంవత్సరంలో ఈద్ రెండుసార్లు వస్తుంది. అయితే రంజాన్ పండుగకూ బక్రీద్‌కూ మధ్య దూరం సుమారు 70 రోజులే. కాబట్టి ఈద్‌ను బైయాన్యువల్ అనొచ్చు గానీ ‘హాఫ్-ఇయర్లీ’ అనకూడదు. హాఫ్-ఇయర్లీ అంటే సరిగ్గా ఆరు నెలలకోసారి అని. ఫీజులు, వాయిదాలు కట్టే చోట ఈ తేడా డబ్బుతో ముడిపడి ఉంటుంది.

డాక్టర్ చీటీలోని ‘బీడీ’ కూడా ఈ కుటుంబం మాటే (తాగే బీడీ కాదు). లాటిన్‌లో రోజుకు రెండుసార్లు అని దానర్థం. ఓడీ అంటే రోజుకోసారి, టీడీఎస్ అంటే మూడుసార్లు. రంజాన్‌లో టీడీఎస్ మందును సహ్రీకీ ఇఫ్తార్‌కీ సర్దుకోవాలంటే సొంత లెక్కలు వద్దు, ఆ చీటీ రాసిన డాక్టర్‌నే అడగాలి.

మరి రాసేటప్పుడు? మసీదు కమిటీ నోటీసైనా, ఆఫీసుకు అర్జీ అయినా, ‘బై’ జోలికి పోకపోవడమే మేలు. వారానికి రెండుసార్లైతే ‘ట్వైస్ ఎ వీక్’, రెండు వారాలకోసారైతే ‘ఎవ్రీ టు వీక్స్’. గొప్పగా వినిపించకపోయినా ఎవరూ తప్పుగా చదవరు. ‘ఫోర్ట్‌నైట్లీ’ అన్నది మన దేశంలో చక్కగా చెల్లుతుంది. పద్నాలుగు రాత్రులు అన్న మాట నుంచి పుట్టింది కాబట్టి దాంట్లో గందరగోళం లేదు. అమెరికాలో మాత్రం ఆ మాట పెద్దగా వాడరు. అక్కడి కంపెనీలు బై-వీక్లీ జీతం అంటే రెండు వారాలకోసారి, ఏడాదికి 26 జీతాలు. ‘సెమీ-మంత్లీ’ అంటే నెలకు రెండు, మొత్తం 24. అక్కడ ఉద్యోగంలో చేరిన పిల్లలు ఆఫర్ లెటర్లో జీతం ఎంతో చూసినట్టే, ఈ మాట కూడా చూసుకోవాలి. ఏడాది జీతాన్ని 26తో భాగించాలో 24తో భాగించాలో దాన్నిబట్టే తెలుస్తుంది.