పసివారి టార్చిలైటు

తిరుచానూరులో పద్మావతీ అమ్మవారికి కార్తీక బ్రహ్మోత్సవములు జరుగు దినములలో వీథుల కిరువైపుల బొమ్మల దుకాణములు వెలయును. బుడగలు, పిల్లంగ్రోవులు, ప్లాస్టికు బండ్లు ఎన్ని ఉన్నను చీకటిపడినంతనే పిల్లల చూపు వెలిగెడి వస్తువులపైననే నిలుచును. ఒక యేటి ఉత్సవములలో మూడేండ్ల మా అమ్మాయి పట్టుపట్టగా కప్ప ఆకారము గల చిన్న టార్చిలైటు నొకదానిని కొంటిని. వీపుపై నొక్కిన నోట వెలుగు వచ్చును. ఇల్లు చేరకముందే అది రెండుమార్లు క్రిందపడినది. మరునాటికి వెలుగుట మానినది. సంతలో కొన్న బొమ్మకు అది వింత కాదు. కాని మూడవమారు పడినప్పుడు వెనుకనున్న మూత ఊడి, లోపలనున్న మూడు బటన్ సెల్లులును నేలపై దొర్లిపోయినవి. రెండు దొరికినవి. మూడవదానికై ఇల్లంతయు వెదకిన అరగంట మాకెంత దీర్ఘముగా తోచెనో చెప్పజాలను. తుదకది బియ్యపు డబ్బా వెనుక దొరకినది.

ఆ కప్పను మరునాడు కళాశాలకు కొనిపోయి విద్యార్థులతో కలసి విప్పి చూచితిని. సెల్లులలో ఒక్కొక్కటి సుమారు 1.5 వోల్టులు చూపినది. దీపమును వేరు సెల్లులకు తగిలింపగా చక్కగా వెలిగినది. సెల్లును తాకవలసిన రేకుముక్క మాత్రము వంగి, వెండ్రుకవాసి ఎడముగా నిలిచియున్నది. పాడయినది అంతమాత్రమే.

తిరుపతిలో అమ్ము మరపాచి బొమ్మలను చదువరులు చూచియే యుందురు. ఒకే కొయ్యను చెక్కిన బొమ్మలో ఊడుటకేమియు లేదు. తల్లి ఆడుకొన్నది కూతురికి వచ్చును. టార్చిలైటునకు ఆ భాగ్యము లేదు. అది వెలుగవలెనన్న సెల్లు కొన నుండి దీపమునకు, దీపము నుండి స్విచ్చికి, స్విచ్చి నుండి స్ప్రింగుకు, స్ప్రింగు నుండి సెల్లు అడుగునకు వలయము తెగకుండ ఉండవలెను. ఈ మార్గములో లోహము లోహమును ఊరక తాకియుండు చోట్లు నాలుగైదుండును. అక్కడ అతుకు లేదు, ఒత్తిడి మాత్రమే కలదు. పిల్లల టార్చిలలో మొదట చెడునవి ఆ తాకిడి చోట్లే.

పూర్వపు టార్చిలో 2.5 వోల్టుల, 0.3 ఆంపియరు బల్బు ఉండెడిది. వెలుగుచున్నప్పుడు దాని నిరోధము సుమారు 8 ఓములు. స్ప్రింగు కొన తుప్పుపట్టి అక్కడ మరొక 8 ఓముల నిరోధము చేరినదనుకొనుడు. ప్రవాహము సగమునకు సమీపముగా తగ్గును. వెలుగు మాత్రము సగము కాదు, అంతకంటె మిక్కిలి తగ్గును. ఏలయన తీగ చల్లబడినకొలది వేడిమిలో కాంతిగా మారు భాగము వేగముగా క్షీణించును. బల్బు ఎర్రగా మినుకుమినుకుమనుట అందుచేతనే. దానిని చూచి సెల్లు అయిపోయినదని పారవేసినవారెందరో! గరుకు కాగితముతో స్ప్రింగు కొనను ఒకసారి రుద్దిన చాలియుండెడిది.

ఇప్పటి ఎల్.ఇ.డి. దీపము ఈ విషయములో మెరుగైనది. చిన్న బొమ్మలోని దీపమునకు 20 మిల్లీ ఆంపియర్లు చాలును. ఆ ప్రవాహమునకు 8 ఓముల తుప్పు వలన పోవు వోల్టులు 0.16 మాత్రమే. పైగా తెగుటకు దానిలో తీగయే లేదు. తెల్లని కాంతికి మూలమైన నీలి దీపమును సాధించినందుకు జపానులో జన్మించిన అకసాకి, అమనో, నకమురా అను మువ్వురకు 2014లో నోబెల్ బహుమానము లభించినది. ఈ నీలి దీపముపై పసుపుపచ్చని కాంతినిచ్చు పదార్థమును పూయగా మనకు తెలుపు కనబడును. అయినను వలయము పూర్తిగా తెగినచో ఎంతటి దీపమైనను వెలుగదు. మా కప్ప సంగతి అదియే.

పడినప్పుడు లోపల జరుగునదేమి? పిల్లవాని చేతి నుండి, అనగా సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తు నుండి, టార్చి బండపై పడినదనుకొందము. నేల తాకునప్పటికి దాని వేగము సెకనుకు 3.4 మీటర్లు. గట్టి ప్లాస్టికు ఒక మిల్లీమీటరు మేర నొక్కుకొని ఆగినచో, పడిన ఎత్తు ఆగిన దూరమునకు 600 రెట్లు గనుక, ఆగునప్పటి త్వరణము సగటున గురుత్వ త్వరణమునకు 600 రెట్లగును. మూతికి రబ్బరు కట్టు వేసి 5 మిల్లీమీటర్లలో ఆగునట్లు చేసినచో 120 రెట్లకు దిగును. రబ్బరు కట్టు అలంకారము కాదని ఈ చిన్న లెక్కయే చెప్పుచున్నది.

ఇక సెల్లుల మాట. పెద్ద టార్చిలో వేయు లావు సెల్లు ఒకటి సుమారు 100 గ్రాములుండును. 600 రెట్లనగా ఆ క్షణమున అది తన ముందున్న దీపపు అడుగును 60 కిలోగ్రాముల బరువువలె మోదును. ఇది స్థూలమైన లెక్కయే. స్ప్రింగు కొంత ఓర్చుకొనును, కాని అది పూర్తిగా అణగిన పిమ్మట సెల్లు సుత్తియే. పది పన్నెండు గ్రాముల సన్నని సెల్లు మోదునది ఆరేడు కిలోగ్రాములే. బరువైన ఇనుప టార్చి గట్టిదని మనము భ్రమపడుదుము. పెద్దల చేతిలో అది నిజము కావచ్చును. పసివాని చేతిలో బరువే శత్రువు. టార్చికిని, వాని కాలివ్రేళ్లకును.

అట్లని తేలికకై బటన్ సెల్లును కోరరాదు. మా ఇంట ఆ అరగంట గుండె దడకు కారణమిదియే కనుక దీనిని కొంచెము వివరముగా చెప్పెదను.

నాణెమువంటి లిథియము సెల్లు అడ్డుకొలత 20 మిల్లీమీటర్లు, మందము 3.2 మిల్లీమీటర్లు, పీడనము 3 వోల్టులు. పిల్లవాడు మ్రింగినచో ఇది ఆహారనాళములో చిక్కుకొనవచ్చును. సెల్లు పగిలి లోని మందు కారుటచేతనే హాని కలుగునని చాలమంది తలంతురు. పగులనక్కరలేదు. నాళపు గోడలోని తడి ఉప్పుతో కూడినది గనుక సెల్లు యొక్క రెండు ధ్రువములను కలిపి వలయమును పూర్తిచేయును. టార్చిలో దీపమున్న చోట ఇక్కడ కండయున్నది. ఋణధ్రువము వద్ద నీరు విద్యుద్విశ్లేషణము పొంది, హైడ్రోజను వెడలి, తీవ్రమైన క్షారము పుట్టును. ఆ క్షారము గోడను కాల్చును. రెండు గంటలలోపలనే గట్టి పుండు పడవచ్చును. పిమ్మట నాళమునకు రంధ్రము పడి ప్రాణాపాయము కలుగవచ్చును. నీటిని విడదీయుటకు సిద్ధాంతరీత్యా 1.23 వోల్టులు చాలును. కావున బొమ్మను వెలిగింపజాలని పాత లిథియము సెల్లు కూడ కాల్చగలదు. మా కప్పలోని 1.5 వోల్టుల చిన్న సెల్లు దానియంత ఉగ్రము కాకున్నను నిరపాయము కాదు. ముక్కులోగాని చెవిలోగాని దూర్చుకొన్నను హాని ఇట్టిదే.

దీనిని తరగతిలో చూపుటకు మన వంటింటి పసుపు చాలును. పసుపునకు క్షారము తగిలిన ఎర్రబడునని, సున్నముతో కుంకుమ చేయు ఇండ్లలో అందరెరిగినదే. వడపోత కాగితమును పసుపు నీటిలో ముంచి ఆరబెట్టుడు. ఒక పేలికను ఉప్పునీటితో తడిపి, లిథియము సెల్లును అందులో ఉంచి, పేలిక రెండు ముఖములను తాకునట్లు అంచు మీదుగా మడిచి వ్రేలితో అదిమియుంచుడు. కొన్ని నిమిషములకు విప్పిన ఋణధ్రువము తాకినచోట ఎర్రని మరక కనబడును. ధనధ్రువమువైపు ఎరుపు రాదు, తుప్పుమరక కొంత పడవచ్చును. సెల్లునకు మారుగా రూపాయి నాణెము పెట్టి చూచిన ఏమియు జరుగదు. ఎర్రని మరకపై నిమ్మరసపు చుక్క వేసిన మరల పచ్చబడును. ప్రయోగమును ఉపాధ్యాయుడే చేయవలెను, తరువాత సెల్లులను లెక్కపెట్టి దాచవలెను. మా తరగతిలో దీనిని చూచి ఒక విద్యార్థిని, "కుంకుమ గొంతులో తయారగునన్నమాట" అన్నది. అంతకంటె బాగుగా నేను చెప్పలేను.

పిల్లవాడు బటన్ సెల్లు మ్రింగెనను అనుమానము కలిగినచో వాంతి చేయింపరాదు, అరటిపండు తినిపించి దిగునేమోనని చూడరాదు. ఎక్స్‌రే గల ఆసుపత్రికి తక్షణమే కొనిపోవలెను. చొంగ కారుట, అన్నము వద్దనుట, దగ్గు కనబడవచ్చును. ఏమియు కనబడకపోవచ్చును కూడ. ఎక్స్‌రేలో నాణెమునకు అంచు ఒకటే. సెల్లునకు సాధారణముగా జంట వలయము కనబడును. ఎట్టి సెల్లో తెలియుటకు దాని జోడును గాని, బొమ్మను గాని వెంట తీసికొనిపోవుట మంచిది.

భారత ప్రభుత్వము బొమ్మల నాణ్యతపై 2020లో జారీచేసిన ఉత్తర్వు 2021 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము బొమ్మలపై ఐ.ఎస్.ఐ. ముద్ర ఉండవలెను; విద్యుత్తుతో పనిచేయు బొమ్మలకు వర్తించు ప్రమాణము ఐ.ఎస్. 15644. తిరునాళ్లలో గంపలో పోసి అమ్మువానిపై ఈ ముద్ర వెదకుట కొంత హాస్యాస్పదమే. అయినను మూతను చూచుటకు ముద్ర అక్కరలేదు. మూతకు మరచీల ఉన్నదా? గోటితో తీసిన వచ్చుచున్నదా? గోటితో వచ్చినచో అది మూడేండ్లవానికి బొమ్మ కాదు. చేత కొట్టి చూచినప్పుడు లోపల సెల్లులు గలగలలాడినను కొనకుడు. ఆ చప్పుడు స్ప్రింగు బలహీనతను చెప్పును. లేజరు కిరణము వెడలు 'టార్చి'ని పిల్లలకు ఇయ్యనే ఇయ్యరాదు, అది కంటి లోపొరను కాల్చగలదు. సన్నని సెల్లులు రెండో మూడో మరచీల మూత వెనుక నుండి, మూతికి రబ్బరు కట్టును, అద్దమునకు మసక పూతయు ఉన్న తేలిక టార్చి పసివారికి తగినదని నా అభిప్రాయము.

దాచియుంచునప్పుడు సెల్లులను తీసివేయవలెను. మామూలు పొడి సెల్లులో తుత్తునాగపు డబ్బాయే ఋణధ్రువము. వాడుకలో అది క్షయించి రంధ్రములు పడి, లోని లవణ ద్రావణము కారి స్ప్రింగును తినివేయును. పాతదానితో క్రొత్తదానిని కలిపి వేసిన పాతది త్వరగా కారును. అయిపోయిన బటన్ సెల్లుకు రెండువైపుల అంటు టేపు చుట్టి, పిల్లల కందని చోట నుంచి పారవేయవలెను.

మా కప్ప ఇంకను ఇంటనే ఉన్నది. సెల్లులు లేని దాని కడుపునకు మూతను జిగురుతో అంటించితిని. మరచీల మూత గల క్రొత్త టార్చి వచ్చి ఎన్నో మార్లు పడినది, ఇంకను వెలుగుచున్నది. అయినను అమ్మాయి రాత్రివేళ కప్పనే గోడవైపు త్రిప్పి వీపు నొక్కి, "నాన్నా, వెలిగింది చూడు" అనుచుండును.