కరెంటు పెట్టినప్పుడు మోతాదును కొలిచే సన్నని తీగ

ఇస్మాయిల్‌ఖాన్‌పేట, పటాన్‌చెరు వైపు నుండి హైదరాబాదు ఎం.ఎన్‌.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళి "కరెంటు పెట్టించుకొని" వచ్చినవారు మమ్మల్ని అడుగుతుంటారు: "లోపలికి ఎంత పోయిందో ఎట్ల తెలుస్తది?" మంచి ప్రశ్న.

కరెంటు అంటాము గాని, ఒంటికి విద్యుత్తు పెట్టరు. అవి ఎక్స్‌రే వంటివే, కాని ఎన్నో రెట్లు శక్తిగల కిరణాలు. మోతాదును 'గ్రే'లలో కొలుస్తారు. సాధారణంగా రోజుకు సుమారు 2 గ్రేలు, వారానికి 5 రోజులు, కొన్ని వారాలు ఇస్తారు. తక్కువైతే గడ్డ మిగులుతుంది. ఎక్కువైతే పక్కనున్న మంచి అవయవం దెబ్బతింటుంది.

ఈ లెక్క కంప్యూటరు వేస్తుంది. లెక్కే తప్పితే? పనామా దేశంలో 2000-2001లో 28 మంది రోగులకు మోతాదు మించిపోయింది. కొందరు మరణించారు. యంత్రం బాగానే ఉంది, కంప్యూటరులో వివరాలు ఎక్కించిన తీరులోనే పొరపాటు. ఒంటికి చేరిన మోతాదును ఆ రోజే కొలిచి ఉంటే అది త్వరగా బయటపడేది.

అందుకు పనికొచ్చేదే ఆప్టికల్ ఫైబర్. మన రోడ్ల పక్కన తవ్వి వేసే టెలిఫోను కేబుళ్ళలో ఉండే అలాంటి తీగే. దాని కొసన, కిరణం తగలగానే మెరిసే పదార్థపు చిన్న ముక్క అతికిస్తారు. ఆ వెలుగు తీగ వెంట బయటి గదిలోని పరికరానికి చేరుతుంది. మెరుపు ఎంతో, మోతాదు అంత. రోగి ఒంట్లోకి విద్యుత్తు పోదు. ఒక చిక్కుంది: కిరణాలు తగిలితే తీగ కూడా తనంతట తాను కొంచెం నీలంగా వెలుగుతుంది (దీన్ని చెరెన్‌కోవ్ కాంతి అంటారు). దాన్ని లెక్కలోంచి తీసివేయాలి.

ఫ్యాక్టరీల్లో వెల్డింగులను రేడియోగ్రఫీతో పరీక్షించేవారు ఛాతీకి పెట్టుకునే బ్యాడ్జి మీలో కొందరికి తెలుసు. దాన్ని పంపి చదివించాకే మోతాదు తెలుస్తుంది. ఫైబర్ అప్పటికప్పుడే చెబుతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఇరిడియం-192ను లోపల ఉంచి చికిత్స చేసేటప్పుడు మూత్రాశయం, మలాశయం పక్కనే ఉంటాయి. అక్కడ ఇది బాగా ఉపయోగం.

ఈ తీగ ఇంకా అన్ని ఆసుపత్రులలో వాడుకలో లేదు. అది లేనంతమాత్రాన మీ చికిత్సను అనుమానించకండి. మెడికల్ ఫిజిసిస్టులు యంత్రాన్ని వేరే పరికరాలతో క్రమంగా పరీక్షిస్తారు. మీ వంతుగా, బల్లమీద కదలకండి, చర్మంపై గీసిన గుర్తులు చెరపకండి, మధ్యలో రోజులు మానకండి. మూత్రంలోగాని మలంలోగాని రక్తం కనిపిస్తే, చికిత్స ముగిసి నెలలు గడిచినా సరే, వెంటనే వచ్చి చెప్పండి.