‘ఆపు’ అను క్రియయు దాని బంధువులును

విద్యార్థుల వ్యాసములను దిద్దునపుడు మాకొక సంగతి పలుమాఱు తోచుచుండును. ఏటికి అడ్డుకట్ట వేసినను, ఏడుపు మ్రింగుకొనినను, దొంగను పట్టి నిలిపినను, మన బాలురు ‘ఆపెను’ అను నొక్క మాటతోనే సరిపుచ్చుచున్నారు. మన భాష అంత బీదది కాదు. కావున ఈ క్రియకు బంధువులైన మాటలను కొన్నింటిని ఇచట విచారింతము.

ఆగు, ఆపు, నిలుచు, నిలుపు, అణగు, అణచు, మాను, మాన్పు: ఇవి జంటలు. మొదటిది తనంత జరుగు పని. రెండవది ఒకరు జరిగించు పని. రైలుబండి హిందూపురమున ఆగును. దానిని నడుపువాడు ఆపును. కదలుచున్నదానిని కదలకుండ జేయుటయే ‘ఆపు’ యొక్క ముఖ్యార్థము. ‘నిలుపు’ అట్లు కాదు. మాట ఆపుట యనగా మాటలాడుట మానుట. మాట నిలుపుట యనగా అన్నట్లు చేయుట. కాని జీతము నిలుపుట యనగా ఈయవలసినది ఈయకుండుట. క్రియ ఒక్కటియే, ముందున్న నామమును బట్టి ఒకచోట కీర్తి, ఒకచోట అపకీర్తి.

ఇక ‘కట్టు’. మన సీమలో సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానయే కురియును. పెన్నేరును చిత్రావతియు ఏడాదిలో పెక్కు దినములు ఇసుక మేటలుగనే యుండును. అందుచేతనే పూర్వులు ఊరూర చెరువులు త్రవ్వి, వాననీటిని కట్టతో పట్టి యుంచిరి. కట్టునది గనుక కట్ట. ఐనను రైతు ‘మడికి నీళ్లు కట్టుట’ యన్నచో నీటిని నిలుపుట కాదు. కాలువకు మట్టి యడ్డము వేసి, నీటిని తన మడిలోనికి మరలించుట. ఒకచోట ఆపుటయే మఱియొకచోట పాఱించుట యగుచున్నది. ఇట్టి మాటలు రైతుల నోటనే దొరకును. 1852లో వెలువడిన బ్రౌను నిఘంటువును, 1885 నాటి బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరమును విద్యార్థులు తఱచు తిరుగవేయవలెను. సేద్యపు మాటలకు మాత్రము భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశపు మొదటి సంపుటము మిక్కిలి యుపకరించును.

మనుష్యులను ఆపుటలోను భేదములు గలవు. ధర్మవరము స్టేషనులో కదలుచున్న బండి నెక్కబోవు బాలుని ‘వద్దు, వద్దు’ అని కేకవేయుట వారించుట. చేతులు చాచి వాని యెదుట నిలుచుట అడ్డగించుట. వారించుటకు మాట చాలును. అడ్డగించుటకు దేహము కావలెను. నిరోధించుటకు కోటయో, చట్టమో కావలెను. 1565లో రాక్షసి తంగడి యుద్ధమున ఓడిన పిదప విజయనగరపు రాజులు పెనుకొండను రాజధానిగా జేసికొనుటకు ఇట్టి కోటయే యొక కారణము. అణచుట వీనికన్న కఠినము. అది మీదనుండి బలముతో త్రొక్కుట.

క్రియకు ‘కొను’ చేరినచో పని తనమీదికే తిరుగును. ఆకలి ఆపుకొందుము, కోపము అణచుకొందుము, ఊపిరి బిగబట్టుకొందుము, దుఃఖము దిగమ్రింగుకొందుము. ఒకరి నోరు కట్టివేయుట దౌర్జన్యము. తన నోరు కట్టుకొనుట త్యాగము. మగ్గముకడ పడుగు పేకలతో ప్రొద్దు పుచ్చుచు, నోరు కట్టుకొని బిడ్డలను బడికి పంపు తలిదండ్రులు మనలో ఎందఱో గలరు. వారి బిడ్డ వ్యాసములో ‘మా తల్లి తిండి ఆపెను’ అని వ్రాసినచో, ఆ తల్లి చేసినదంతయు మఱుగుపడిపోవును. చదువువాడు ఆమె రోగి యనుకొనును. లేదా బిడ్డకు అన్నము పెట్టుట మానెననుకొనును. సరియైన మాట నెఱుగుట కేవలము పరీక్షకొఱకు కాదని ఇందువలన తెలియును.

తుదకొక మాట. చెరువునకు కట్ట యెంత యవసరమో మరవయు అంత యవసరము. మిక్కిలిగా వచ్చిన నీరు మరవమీదుగా పోకున్నచో కట్టయే తెగును. తరగతిలో సందేహము కలిగియు, నలుగురు నవ్వుదురని జంకి నోరు మూసికొను విద్యార్థి మరవలేని చెరువు వంటివాడు. బాలబాలికలారా! కోపము వచ్చినపుడు ఆపుకొనుడు. మాట ఇచ్చినపుడు నిలుపుకొనుడు. సందేహము కలిగినపుడు మాత్రము దానిని అణచుకొనకుడు.