ఈత వస్తే చాలదు.. లోతు లెక్క రావాలి!

డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నారు. సెలవుల్లో స్నేహితులతో విశాఖ వెళ్లి రుషికొండలో స్కూబా చేశారు. నీళ్లలో తీసిన వీడియో స్టేటస్‌లో పెట్టగానే ‘దీన్నే ఉద్యోగం చేసుకోవచ్చు కదరా’ అని ఎవరో మెసేజ్‌ పెట్టారు. ఆ ఆలోచనలో తప్పేం లేదు. డైవ్‌ గైడ్‌, ఇన్‌స్ట్రక్టర్‌ ఉద్యోగాలు నిజంగానే ఉన్నాయి. అరకు, అనంతగిరి, పాడేరు నుంచి పని వెతుక్కుంటూ విశాఖ దిగే కుర్రాళ్లు, అమ్మాయిలు కూడా వీటివైపు చూడొచ్చు. అయితే ముందు ఒక ప్రశ్నకు జవాబు తెలియాలి. సరదాగా డైవ్‌ చేసేవాళ్లు బాగా లోతుకు వెళ్లాలంటే ప్రత్యేక శిక్షణ కావాలా?

కావాలి. ఎందుకో తెలుసుకుంటే మీ డబ్బు, ఆరోగ్యం, రేపు మిమ్మల్ని నమ్మి నీళ్లలోకి దిగేవాళ్ల ప్రాణం.. మూడూ భద్రంగా ఉంటాయి.

సరదా డైవ్‌ వేరు, కార్డు వేరు

బీచ్‌లో కాసేపు పాఠం చెప్పి, పక్కనే ఇన్‌స్ట్రక్టర్‌ ఉండి చేయించేది పరిచయ డైవ్‌ మాత్రమే. దాని హద్దు 12 మీటర్లు. అక్కడ ఇచ్చే సర్టిఫికెట్‌ జ్ఞాపికగా దాచుకోవడానికి బాగుంటుంది. రెజ్యూమెలో రాసుకోవడానికి పనికిరాదు.

అసలు చదువు ఓపెన్‌ వాటర్‌ కోర్సుతో మొదలవుతుంది. ప్రపంచంలో ఎక్కువ మందికి తెలిసిన పాడీ సంస్థ పద్ధతిలో చూస్తే, ఈ కార్డుతో 18 మీటర్ల వరకు వెళ్లొచ్చు. తర్వాతిది అడ్వాన్స్‌డ్‌ ఓపెన్‌ వాటర్‌. ఇందులో అయిదు డైవ్‌లుంటాయి. లోతు డైవ్‌, నీటిలో దారి కనుక్కునే డైవ్‌ తప్పనిసరి. ఇది పూర్తయితే 30 మీటర్లు. ఆపైన డీప్‌ డైవర్‌ అనే ప్రత్యేక కోర్సు ఉంది. దీనికి కనీస వయసు 15 ఏళ్లు. నాలుగు డైవ్‌లు చేయిస్తారు. హద్దు 40 మీటర్లు. వినోదం కోసం చేసే డైవింగ్‌ అక్కడితో ఆగిపోతుంది. అంటే సుమారు 130 అడుగులు.

లోతులో ఏం మారుతుంది?

ఇంటర్‌లో చదివిన బాయిల్‌ నియమం గుర్తుందా? పీడనం రెట్టింపైతే వాయువు ఘనపరిమాణం సగమవుతుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 40 మీటర్ల దగ్గర మొత్తం అయిదు. అక్కడ ఒక్కసారి ఊపిరి పీలిస్తే ఒడ్డు మీద అయిదుసార్లు పీల్చినంత గాలి ఖర్చవుతుంది.

లెక్క వేసి చూడండి. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్‌ పీడనంతో గాలి నింపితే 2400 లీటర్లు. అందులో 50 బార్‌ అత్యవసరానికి ఉంచుకోవాలి. మిగిలేది 1800 లీటర్లు. మీరు నిమిషానికి 20 లీటర్లు పీలుస్తారనుకుంటే 10 మీటర్ల లోతులో అది 45 నిమిషాలు వస్తుంది. 40 మీటర్లలో 18 నిమిషాలే. కంగారు పడి వేగంగా ఊపిరి తీస్తే ఇంకా తక్కువ. అన్నట్టు, అందరూ ‘ఆక్సిజన్‌ సిలిండర్‌’ అంటారు గానీ అందులో ఉండేది మనం రోజూ పీల్చే గాలే. చిక్కంతా ఆ గాలిలోని నైట్రోజన్‌తోనే.

30 మీటర్ల చుట్టుపక్కల నైట్రోజన్‌ మత్తు ఎక్కించడం మొదలుపెడుతుంది. కొందరికి హుషారు, కొందరికి భయం. సామాన్యమైన కూడిక కూడా తప్పుతుంది. అందుకే లోతు శిక్షణలో ఒడ్డున చేయించిన చిన్న పనినే కింద మళ్లీ చేయించి, ఎంత ఆలస్యమైందో చూపిస్తారు. మత్తులో ఉన్నవాడికి తాను మత్తులో ఉన్నట్టు తెలియదు. ఆ సంగతి ఇన్‌స్ట్రక్టర్‌ పక్కనుండగా తెలుసుకోవడమే మంచిది.

రెండోది హెన్రీ నియమం. పీడనం పెరిగేకొద్దీ నైట్రోజన్‌ ఒంట్లో ఎక్కువగా కరుగుతుంది. గబుక్కున పైకి వస్తే, గోలీసోడా కొట్టినప్పుడు పొంగినట్టు బుడగలవుతుంది. కీళ్ల నొప్పుల నుంచి పక్షవాతం దాకా దారితీయొచ్చు. దీన్నే డీకంప్రెషన్‌ సిక్‌నెస్‌ అంటారు. అందుకే ప్రతి లోతుకూ సమయం కట్టి ఉంటుంది. పాడీ పట్టిక ప్రకారం 18 మీటర్లలో 56 నిమిషాలు, 30లో 20 నిమిషాలు, 40లో 9 నిమిషాలు. పైకి వచ్చేటప్పుడు 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం నేర్పిస్తారు.

గెడ్డ ఈత ఎందుకు సరిపోదు?

కొండ ఊళ్లలో పెరిగినవాళ్లకు గెడ్డలో దూకడం చిన్నప్పటి నుంచీ అలవాటే. నీళ్లంటే బెదురు లేకపోవడం ఈ పనిలో పెద్ద ఆస్తి. కానీ ఆ ఈతలో ఒంటపట్టిన ఒక అలవాటు ఇక్కడ ప్రమాదం తెస్తుంది. అదే ఊపిరి బిగపట్టడం. స్కూబాలో పీల్చేది పీడనంతో వచ్చే గాలి. ఊపిరి బిగపట్టి పైకి వస్తే ఊపిరితిత్తుల్లోని ఆ గాలి వ్యాకోచిస్తుంది. తక్కువ లోతు నుంచి వచ్చినా ఊపిరితిత్తులు చిట్లే ప్రమాదం ఉంది. అందుకే మొదటి రోజే చెప్పే సూత్రం.. ఊపిరి ఎప్పుడూ ఆపొద్దు. ఈతగాళ్లు కొత్తగా నేర్చుకోవాల్సింది ఇదే.

మరొక మాట. స్కూబాకు ముందు ఆరోగ్య ప్రశ్నాపత్రం నింపమంటారు. ఉబ్బసం, మూర్ఛ, గుండె సమస్యలు దాచిపెట్టొద్దు. మన్యంలో కనిపించే సికిల్‌ సెల్‌ సమస్య మీకు గానీ ఇంట్లో ఎవరికైనా గానీ ఉంటే, పరీక్ష చేయించుకుని డాక్టర్‌తో మాట్లాడకుండా నీళ్లలో దిగొద్దు.

డైవ్‌ అయ్యాక ఘాట్‌ ఎక్కొచ్చా?

విశాఖకు వచ్చే పర్యాటకులు పొద్దున బీచ్‌, సాయంత్రానికి అరకు అని ప్లాన్‌ వేసుకుంటారు. స్కూబా చేస్తే ఈ ప్లాన్‌ తిరగేయాలి. డైవ్‌ తర్వాత విమానం ఎక్కడానికి వ్యవధి ఉండాలని వినే ఉంటారు. ఎత్తుకు వెళితే గాలి పీడనం తగ్గి, ఒంట్లో మిగిలిన నైట్రోజన్‌ బుడగలయ్యే అవకాశం ఉంది. విమానానికైనా కొండకైనా శరీరం చూసేది పీడనాన్నే. డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్‌ అలర్ట్‌ నెట్‌వర్క్‌ సూచనలు సుమారు 610 మీటర్ల ఎత్తు నుంచే వర్తిస్తాయి. అరకు లోయ 900 మీటర్లకు పైనే ఉంది. దారిలోని శిమిలిగూడ రైల్వే స్టేషన్‌ ఎత్తు సుమారు 996 మీటర్లు. కాబట్టి ఒక్క డైవ్‌ చేస్తే కనీసం 12 గంటలు, పలుసార్లు చేస్తే 18 గంటలు ఆగాకే కొండెక్కాలి. లేదంటే అరకు ముందు చూసి, డైవ్‌ చివర్లో పెట్టుకోవాలి.

పర్యాటకుడికి ఇది ఒక రోజు ముచ్చట. విశాఖలో డైవ్‌ గైడ్‌గా చేరి, శనివారం మూడు డైవ్‌లు చేసి, అదే రాత్రి బస్సెక్కి అరకు ఇంటికి బయల్దేరే కుర్రాడికి మాత్రం ప్రతి వారం ఎదురయ్యే సమస్య. ‘ఎన్నేళ్లుగా వెళ్లొస్తున్నాం, ఏమైంది?’ అనేవాళ్లు ఉంటారు. వాళ్లకు ఏమీ కాకపోవడం మీకు గ్యారంటీ కాదు. సెలవు, ప్రయాణం గురించి చేరేటప్పుడే మాట్లాడుకోండి.

40 మీటర్లు దాటితే అది వేరే వృత్తి

2019 సెప్టెంబర్‌ 15న పాపికొండల దారిలో, దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర రాయల్‌ వశిష్ఠ బోటు గోదావరిలో మునిగిపోయింది. బోటులో 77 మంది ఉంటే 26 మంది బయటపడ్డారు. బోటు 200 అడుగులకు పైగా లోతులో ఉన్నట్టు అప్పట్లో అధికారులు చెప్పారు. అంటే 60 మీటర్ల పైమాటే. పీడనం దాదాపు ఏడు రెట్లు. పైగా సుడులు, బురద నీరు. నేవీ, ఎన్డీఆర్‌ఎఫ్‌ బృందాలు దిగాయి. చివరకు కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, రోప్‌లతో శ్రమించి 38వ రోజున, అక్టోబర్‌ 22న బోటును బయటకు తీసింది. అలాంటి చోట సరదా డైవింగ్‌ కార్డుకు పని లేదు. డీప్‌ డైవర్‌ కోర్సు హద్దే 40 మీటర్లు.

చమురు బావులు, ఓడరేవులు, వంతెనల పనులకు కావాల్సింది కమర్షియల్‌ డైవర్లు. వాళ్లకు గాలి పైనుంచి గొట్టం ద్వారా అందుతుంది. ఆఫ్‌షోర్‌ పనుల్లో గాలితో 50 మీటర్ల వరకే. ఇంకా లోతైతే హీలియం కలిపిన వాయువు, రోజుల తరబడి పీడన గదిలోనే ఉండే సాచురేషన్‌ పద్ధతి. ఆ పనికి పెద్ద ఉదాహరణ విశాఖలోనే ఉంది. హిందుస్థాన్‌ షిప్‌యార్డ్‌ కట్టిన ఐఎన్‌ఎస్‌ నిస్తార్‌ 2025 జులై 18న ఇక్కడే నేవీలో చేరింది. 300 మీటర్ల లోతు వరకు సాచురేషన్‌ డైవింగ్‌కు అందులో ఏర్పాట్లున్నాయి. నేవీ డైవర్‌ కావాలంటే ముందు నేవీలో చేరాలి. డైవింగ్‌ స్కూల్‌ కొచ్చిలో ఉంది. ‘స్కూబా కార్డుంటే ఆఫ్‌షోర్‌లో లక్షల జీతం’ అని ఎవరైనా చెబితే నమ్మకండి. రెండూ వేర్వేరు చదువులు.

ఉద్యోగంగా ఎంచుకుంటే..

ఓపెన్‌ వాటర్‌, అడ్వాన్స్‌డ్‌, రెస్క్యూ డైవర్‌ పూర్తయ్యాక డైవ్‌మాస్టర్‌. ఉద్యోగానికి తొలి మెట్టు ఇదే. వయసు 18 నిండాలి. చేరేటప్పటికి 40, ముగించేటప్పటికి 60 డైవ్‌లు లాగ్‌బుక్‌లో ఉండాలి. ఇన్‌స్ట్రక్టర్‌ పరీక్షకు 100. విశాఖతో పాటు అండమాన్‌, పుదుచ్చేరి, గోవా, కర్ణాటకలోని ముర్డేశ్వర్‌లో డైవ్‌ సెంటర్లున్నాయి. ఇంత ఖర్చు ఒకేసారి పెట్టలేకపోతే, గోవాలోని నేషనల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ వాటర్‌ స్పోర్ట్స్‌ నడిపే లైఫ్‌సేవింగ్‌, పవర్‌బోటు కోర్సులతో మొదలుపెట్టొచ్చు. నీటి పర్యాటకంలో అవీ పని ఇప్పిస్తాయి.

డబ్బు కట్టేముందు ఇవి అడగండి

• ఇన్‌స్ట్రక్టర్‌ పేరు, సభ్యత్వ నంబరు ఏంటి? ఆ సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చా?
• ఫీజులో సామగ్రి, కార్డు, బోటు, బీమా కలిసే ఉన్నాయా? రాసిస్తారా?
• బీమా పాలసీలో లోతు పరిమితి ఎంత?
• బోటులో అత్యవసర ఆక్సిజన్‌ ఉందా? ప్రమాదం జరిగితే చికిత్స చేసే పీడన గది దగ్గర్లో ఎక్కడుంది?
• లోతు కోర్సులో నాలుగు డైవ్‌లూ నిజంగా లోతులోనే చేయిస్తారా?

చివరి ప్రశ్నకు జవాబు తడబడితే వెనక్కి వచ్చేయండి. అనుభవజ్ఞుల వెంట తిరిగి లోతు నేర్చుకున్న మంచి డైవర్లు లేకపోలేదు. కానీ ఉద్యోగమిచ్చేవాళ్లు చూసేది కార్డు, లాగ్‌బుక్‌. 30 మీటర్ల కింద గాబరాపడిన మనిషి చూసేది మీ ముఖం. ఆ క్షణంలో మీరు స్థిమితంగా గేజ్‌ చూసి, ‘పైకి వెళ్దాం’ అని సైగ చేయగలగాలి. శిక్షణకు కట్టే డబ్బు ఆ స్థిమితం కోసమే.