కోట ఎవరిది? నేల ఎవరిది?



మన మల్కాపురంలో ఏ వీధిలోనైనా నలుగురు ఆడవాళ్లు చేరినచోట "మీ అసలు ఊరేదమ్మా?" అని అడిగి చూడండి. ఒకరు గజపతినగరం వైపు అంటారు, ఇంకొకరు భోగాపురం అంటారు, మరొకరు శృంగవరపుకోట అంటారు. 1941లో సింధియా ఓడల కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 1957లో నూనెశుద్ధి కర్మాగారం వచ్చింది. పనికోసం పల్లెలు విడిచి ఇక్కడికి చేరిన కుటుంబాలు ఎన్నో! ఆ పల్లెల్లో చాలావాటి శిస్తు ఒకప్పుడు ఒక్క ఇంటికే చేరేది. అదే విజయనగరం కోట. ఆ కోట కథ రాజుల కథే అనుకుంటాం గానీ, మన అమ్మమ్మల, నాయనమ్మల కథ కూడా అందులో ఉంది.

కోటకు 1713లో పునాది వేశారు. విజయ నామ సంవత్సరం, విజయదశమి, మంగళవారం చూసుకుని మొదలుపెట్టారని చెప్పుకుంటారు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల అండతో విజయనగరం వారు బొబ్బిలి కోటను నేలమట్టం చేశారు. ఆ కోటలోని స్త్రీలు శత్రువుల చేత చిక్కకుండా ప్రాణాలు వదిలారు. మూడు రోజులు తిరగకుండానే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును డేరాలోనే చంపి పగ తీర్చుకున్నాడు. గెలిచిన ఇంటా ఓడిన ఇంటా ఏడుపు ఆడవాళ్లకే మిగిలింది.

తరువాత ఇంగ్లీషు కంపెనీ వచ్చింది. పేష్కషు బకాయి దగ్గర మాటామాటా పెరిగి, 1794 జూలై 10న పద్మనాభం దగ్గర జరిగిన యుద్ధంలో చిన విజయరామరాజు నేలకొరిగారు. 1802లో శాశ్వత శిస్తు ఏర్పాటు జరిగినప్పుడు ఈ జమీందారీలో 24 పరగణాలు, 1157 గ్రామాలు ఉన్నాయి. కంపెనీకి ఏటా కట్టవలసింది 5 లక్షల రూపాయలు. ఆ డబ్బు కోటలో పండలేదు కదా! నాట్లువేసిన చేతులు, కలుపుతీసిన చేతులు, కుప్పనూర్చిన చేతులు కట్టిన డబ్బు అది. ఆ చేతుల్లో సగం ఆడవాళ్లవి. కానీ శిస్తు లెక్కల్లో వాళ్ల పేర్లు వెతికితే దొరకడం అరుదు.

ఇది మన దగ్గరే జరిగిందనుకోకండి. ఇటలీ దేశంలో టస్కనీ అనే సీమ ఉంది. అక్కడ 1480లలో లోరెంజో మెదిచి అనే ప్రభువు పోజ్జో ఆ కయానో అనే ఊళ్లో అందమైన భవంతి కట్టడం మొదలుపెట్టాడు. ఆ సీమలో భూమి దొరది, కష్టం రైతు కుటుంబానిది, పంటలో చెరి సగం. మన సగపాలు సేద్యం లాంటిదే. అక్కడ కొత్తగా అలాంటి ఒప్పందాలు రాసుకోకూడదని చట్టం వచ్చింది 1964లో. ఇప్పుడు ఆ భవంతి మ్యూజియం.

మళ్లీ మన కోటకు వద్దాం. విద్యకూ సంగీతానికీ విజయనగరం చేసిన సేవ తక్కువది కాదు. 1919లో వెలసిన సంగీత కళాశాలకు మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఆనందగజపతి మహారాజు విశాఖపట్టణం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కపు పెళ్లిళ్ల జాబితా తయారుచేయించారు. 1034 తేలాయి. అందులో ముగ్గురు పిల్లల వయసు ఏడాది! ఈ లెక్కను గురజాడ అప్పారావుగారు 1897లో అచ్చయిన తమ 'కన్యాశుల్కం' పీఠికలో ప్రపంచానికి చెప్పారు. ఆ ఏడే మహారాజు సంతానం లేకుండా పోయారు. ఎస్టేటు ఎవరిదన్న తగాదా కోర్టుకెక్కి 1913లో గానీ రాజీకి రాలేదు. ఆయన సోదరి రీవా మహారాణి అప్పలకొండమాంబగారికి కార్యదర్శిగా ఆ వ్యవహారం చూసిందీ గురజాడవారే. ముక్కలు చేయకుండా ఒక్క మగ వారసుడికి అప్పగించే ఆస్తి అది. రాజుగారి కూతుళ్లకైనా నగలూ సారెలేగాని, ఎస్టేటులో వాటా లేదు.

1948లో మద్రాసు ప్రభుత్వం జమీందారీల రద్దు చట్టం చేసింది. రైతులకు పట్టాలొచ్చాయి. 1958లో పి.వి.జి. రాజుగారు తండ్రి పేరున మాన్సాస్ ట్రస్టు పెట్టారు. కోట చదువుల నెలవైంది. ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని ఆ గుమ్మంలోంచి లోపలికి వెళుతున్నారు. ఇంతకన్నా మంచి మలుపు ఆ గోడలకు ఏముంటుంది?

అయితే కోట మారినంత తొందరగా పట్టాకాగితం మారలేదు. పట్టా చాలా ఇళ్లలో నాన్న పేరున వచ్చింది, తరవాత అన్నదమ్ముల పేర్లకు మారింది. 1956 వారసత్వ చట్టం కూతురికి కొంత ఇచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఉండాలని మన రాష్ట్రం 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు చేసింది గానీ, ఆనాటికి పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు. 2005లో కేంద్ర చట్టం ఆ అడ్డూ తీసేసింది. 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా, కూతురి హక్కు పుట్టుకతో వచ్చినదేనని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంతకుముందే సక్రమంగా జరిగిపోయిన పంపకాలను మాత్రం తిరగదోడరు.

కనుక ఈసారి పుట్టింటికి పండక్కి వెళ్లినప్పుడు పొలం గట్టు మీద నడిచి రండి. పట్టాదారు పుస్తకం ఒకసారి తెరిచి చూడండి. అన్నదమ్ములతో తగువు పెట్టుకోమని కాదు నేననేది. ఏముందో తెలుసుకుని, ఇవ్వాలనుకుంటే తెలిసి ఇవ్వండి, తీసుకోవాలనుకుంటే తెలిసి అడగండి. ఎవరో అమాయకంగా వేలిముద్ర వేయించుకుపోయే రోజులు మాత్రం మన ఇంట మళ్లీ రాకూడదు.