పోటు చూసుకుని పిట్టల దగ్గరికి

పక్షుల్ని చూడాలంటే తెల్లవారేసరికి అక్కడుండాలంటారు. అడవికైతే ఆ మాట సరిపోతుంది. గోదావరి సముద్రంలో కలిసే చోట మాత్రం పొద్దు కన్నా పోటు ముఖ్యం. కాకినాడలో కుంభాభిషేకం రేవు పక్కనున్న బురద మేటల మీదా, కోరింగ మడ అడవుల అంచుల్లోనూ శీతాకాలమంతా వలస పిట్టలు మకాం వేస్తాయి. కర్ల్యూలు, గాడ్‌విట్‌లు, ప్లోవర్లు, రెడ్‌షాంక్‌లు, రకరకాల ఉల్లంకి పిట్టలు అక్కడ కనిపిస్తాయి. వేళ చూసుకోకుండా వెళ్తే అవన్నీ ఎక్కడో దూరంగా, నీటి అంచున గోధుమరంగు చుక్కల్లా ఉంటాయి. ఏది ఏ పిట్టో పోల్చుకోలేం.

పంచాంగం చెప్పే వేళ

సముద్రం రోజుకు రెండుసార్లు పొంగి, రెండుసార్లు తగ్గుతుంది. చంద్రుడి గమనాన్ని బట్టి ఈ వేళలు ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో పనిచేయడం వల్ల పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. అష్టమి ప్రాంతంలో ఆ రెండు ఆకర్షణలూ లంబంగా ఉంటాయి కాబట్టి తేడా తగ్గిపోతుంది. వేటకు వెళ్లే మత్స్యకారులు తిథి లెక్క మరిచిపోరు. పక్షుల కోసం వెళ్లేవాళ్లకూ అదే లెక్క పనికొస్తుంది.

కాకినాడ తీరంలో పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం తేడా మనిషి ఎత్తంత కూడా ఉండదు. అయితే గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు నేల దాదాపు సమతలం కావడంతో, ఆ కాస్త తేడాకే విశాలమైన బురద బయటపడుతుంది. పాటు సమయంలో పిట్టలు అంత విస్తీర్ణంలోనూ చెదిరిపోతాయి. పోటు మొదలయ్యాక బురద కొంచెం కొంచెంగా మునుగుతుంటే మేత మానకుండానే ఒడ్డు వైపు జరుగుతూ వస్తాయి. పూర్తి పోటుకు రెండు మూడు గంటల ముందు వెళ్లి ఒకచోట కదలకుండా కూర్చుంటే, వాటిని వెంబడించే పని లేదు. నీరే వాటిని మన దగ్గరికి తోలుకొస్తుంది.

ముక్కును బట్టి మేత

ఖాళీగా కనిపించే ఆ బురదలో సముద్రపు పురుగులు, గుల్లలు, నత్తలు, రొయ్య జాతి జీవులు, పీతలు కిక్కిరిసి ఉంటాయి. అన్నీ ఒకే లోతులో ఉండవు. అందుకే ఇన్ని రకాల పిట్టలు ఒకేచోట మేయగలుగుతున్నాయి. 30 గ్రాములైనా తూగని లిటిల్ స్టింట్ తన పొట్టి ముక్కుతో పైపొరనే పొడుస్తుంది. కొంచెం వంపు తిరిగిన ముక్కున్న కర్ల్యూ శాండ్‌పైపర్ మూడు నాలుగు సెంటీమీటర్ల లోతుకు వెళ్తుంది. గాడ్‌విట్ ఇంకా కిందికి దింపుతుంది. యూరేషియన్ కర్ల్యూ ఆడపిట్ట ముక్కు 15 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. మగపిట్టది అంతకన్నా పొట్టి. కాబట్టి ఒకే జాతిలో కూడా ఆడదానికి అందే మేత మగదానికి అందకపోవచ్చు. వింబ్రెల్ ముక్కు వంపు పీత బొరియల్లోకి చక్కగా దిగుతుంది.

ప్లోవర్ల పద్ధతి వేరు. వాటి ముక్కు పొట్టి, కళ్లు పెద్దవి. నాలుగడుగులు పరుగెత్తి, టక్కున ఆగి, చూసి, పొడుస్తాయి. బైనాక్యులర్స్‌లో రంగు తెలియనంత దూరంలో ఉన్నా, ఈ పరుగూ ఆగడమే వాటిని పట్టిస్తుంది. ఉల్లంకి జాతులైతే ఆగకుండా, కుట్టుమిషను సూదిలా బురదను పొడుస్తూ నడుస్తాయి.

కంటికి కనబడని పురుగు ముక్కుకెలా దొరుకుతుంది? ఈ పిట్టల ముక్కు కొసన, ఎముకలోని సన్నని గుంటల్లో, ఒత్తిడిని పసిగట్టే నాడీకణాల గుత్తులుంటాయి. రెడ్ నాట్ అనే పిట్ట మీద నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు జరిపిన ప్రయోగాల ఫలితాలు 1998లో వెలువడ్డాయి. తడి ఇసుకలో ముక్కు గుచ్చినప్పుడు రేణువుల మధ్య ఉన్న నీటిలో ఒత్తిడి పుడుతుంది. దగ్గర్లో గట్టి వస్తువుంటే ఆ ఒత్తిడి తీరు మారుతుంది. ముక్కు దాన్ని తాకకుండానే పిట్టకు తెలిసిపోతుంది. గుల్లకు బదులు రాయి పాతిపెట్టినా అది కనిపెట్టింది. ఇసుక పొడిగా ఉంటే మాత్రం కనిపెట్టలేకపోయింది. ముక్కుతో వెతికే పిట్టకు వెలుగుతో పెద్దగా పని లేదు కాబట్టి, రాత్రి పాటు పడినా మేత సాగుతుంది. ప్లోవర్లకూ పెద్ద కళ్ల పుణ్యమా అని రాత్రి మేత అలవాటే.

ఎక్కడి ఎలుక, ఎక్కడి పిట్ట

కర్ల్యూ శాండ్‌పైపర్ గుడ్లు పెట్టేది సైబీరియా ఉత్తర కొసన, ఆర్కిటిక్ తీరంలో. అక్కడ లెమ్మింగ్ అనే ఎలుకలు కొన్నేళ్లకోసారి విపరీతంగా పెరిగి, తర్వాత పడిపోతాయి. అవి సమృద్ధిగా ఉన్న ఏడు నక్కలు వాటితోనే కడుపు నింపుకుంటాయి. లేని ఏడు గుడ్ల మీదా, పిల్లల మీదా పడతాయి. ఆ ఏడాది దక్షిణానికి దిగే గుంపుల్లో పిల్ల పిట్టలు తక్కువగా కనిపిస్తాయి. టిబెటన్ శాండ్ ప్లోవర్‌ది మరో దారి. అది టిబెట్, లడాఖ్ ఎత్తుల్లో పిల్లలు చేసి, హిమాలయాలు దాటి మన తీరాలకు వస్తుంది.

ఇంత దూరం ఎగరడానికి ఇంధనం కొవ్వు. తిరుగు ప్రయాణానికి ముందు కొన్ని జాతులు దాదాపు రెట్టింపు బరువెక్కుతాయి. సుదూర ప్రయాణానికి సిద్ధమైన గాడ్‌విట్‌లలో పేగులు, కాలేయం కుంచించుకుపోయి బరువు తగ్గిస్తాయి. 2022లో ఐదు నెలల వయసున్న బార్ టెయిల్డ్ గాడ్‌విట్ ఒకటి అలాస్కా నుంచి టాస్మేనియాకు 11 రోజుల్లో, ఎక్కడా దిగకుండా, దాదాపు 13,560 కిలోమీటర్లు ఎగిరింది.

పోటు ఎక్కాక

బురదంతా మునిగాక పిట్టలు ఎత్తైన ఇసుక దిబ్బల మీదా, గట్ల మీదా గుంపులుగా చేరతాయి. ఒంటికాలి మీద నిలబడి, ముక్కు వీపు ఈకల్లో దూర్చి, మళ్లీ పాటు వచ్చేదాకా ఆగుతాయి. చూడ్డానికి ఖాళీగా ఉన్నట్టుంటుంది కానీ, తిన్నది కొవ్వుగా మిగలాలంటే ఈ విశ్రాంతి కావాలి. ఫొటో కోసం ఒకరు దగ్గరికి నడిచినా గుంపంతా లేస్తుంది. కుక్కలు తరిమినా అంతే. అలా లేచిన ప్రతిసారీ కూడబెట్టిన కొవ్వు కొంత ఖర్చవుతుంది. తలలెత్తి అటూ ఇటూ చూడటం మొదలుపెట్టాయంటే మనం అప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చామన్నమాట. అక్కడే ఆగి, నెమ్మదిగా వెనక్కి తగ్గాలి.

పిట్టలన్నీ ఒక్కచోట చేరే ఈ వేళే లెక్కకూ అనువైనది. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. ఎక్కువభాగం లెక్కలు వేసేది ఔత్సాహికులే. మేత బురదను కాపాడి, విశ్రాంతి దిబ్బను వదిలేస్తే పిట్ట నిలవదు. ఏ దిబ్బ మీద ఏటా ఎన్ని పిట్టలు ఆగుతున్నాయో కాగితం మీద ఉంటేనే, రేపు ఆ దిబ్బ మీద రోడ్డో రిసార్టో వేస్తామన్నప్పుడు వద్దనడానికి ఆధారం దొరుకుతుంది. వచ్చే జనవరిలో పోటు వేళ చూసుకుని బయల్దేరేటప్పుడు ఒక నోటు పుస్తకం కూడా వెంట పెట్టుకోండి.